పోలికల గది

వరి నాటిన 84వ రోజు

ఈ పుస్తకం రాయడమే నా ఉద్యోగం. ఎర్రమెట్టలో ఉన్న నాలుగు వందల పన్నెండు మందిలో అందరూ ఏదో ఒకటి తవ్వుతారు, బిగిస్తారు, పెంచుతారు, వండుతారు. నేనూ, కొమ్మోజు నరసింగరావు బావూ మాత్రం దేన్ని చూస్తే ఏది గుర్తొచ్చిందో రాస్తాం. మేం కూర్చునే చోటును పోలికల గది అంటారు. కొందరు ఖాళీ గది అని కూడా అంటారని నాకు తెలుసు. దుంపలు తవ్వడం ఎవరికైనా వస్తుంది కాబట్టి ఆ మాటలను నేను లెక్కచేయను.

పద్ధతి చిన్నదే. తోచింది తోచినట్టు రాయాలి. ఎందుకు తోచిందని రాయకూడదు. రెండోవాళ్ళు ఆ రోజుకి అడగకూడదు కూడా. ఈరోజు నావి: బట్టలారేసే తాడు చూస్తే మా నాయనమ్మ కనుబొమలు. కొత్త సబ్బు వాసనకి పడవ అడుగు చెక్క. బావువి: తన మోకాలి నొప్పికి వానాకాలపు తలుపు.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. బయటి ఎర్రధూళి లోపలికి రాకుండా ప్రధాన ద్వారానికి రెండో రెప్ప పెట్టించింది నేనే, ఒంటె కన్ను గుర్తొచ్చి. ఆరేళ్ళుగా అందరూ ఆ రెప్ప దాటుకునే వస్తూ పోతూ ఉన్నారు. దాని మీద నా పేరు లేదు, ఉండాల్సింది.

సాయంత్రం సభ పెద్ద తవిటినాయుడు గారు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. అప్పుడే అర్థమైంది.

"మీ పనిని తప్పుపట్టడం లేదండి హైమావతి గారూ. మనుషులు చాలడం లేదు. కోతలయ్యేలోగా ఈ గది నుంచి పనికొచ్చేది ఒక్కటి రావాల. లేదంటే గది మూసీసి మీ ఇద్దర్నీ దుంపల సావిట్లో వేసీడమే."

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం, భూమి నుంచి వచ్చిన ఓడలో తొమ్మిదేళ్ళు, ఇక్కడ తొమ్మిదేళ్ళు. ఇప్పుడు కోత గడువు పెట్టి పోయారు. అన్నం తినబుద్ధి కాలేదు, అన్నం లేదు కూడా, ఉన్నది నాచుపిండి రొట్టే.

నాటిన 88వ రోజు

వరి సావిడి పాడుతోంది.

ఈ గ్రహం మీద మాకిది మొదటి వరి. తొమ్మిదేళ్ళు దుంపలూ నాచుపిండీ తిని బతికాం. ఇప్పుడు గింజ పాలు పోసుకుంటోంది. ఈ దశలో చల్లగాలి తగ్గితే గింజ తాలు పోతుంది. అందుకని గాలిమరను నాలుగు రోజుల క్రితం పూర్తి వేగం మీద పెట్టారు. అది తిరగడం మొదలైన దగ్గర్నుంచీ సావిడి పైకప్పు పాడుతోంది. ఆ కప్పు చెక్కా కాదు, గాజూ కాదు. వెలుతురు రానిచ్చే పలచటి పొర, తొమ్మిది చట్రాలకు బిగించి ఉంటుంది. మధ్య వరసలోని మూడు చట్రాలూ గాలిమరతో శ్రుతి కలిపి జుయ్యిమంటున్నాయి. నేను నిలబడి విన్నాను. పళ్ళ చిగుళ్ళు కూడా వణికాయి.

గాలిమర చూసే ఇంజనీరు త్రివేణి నిచ్చెన మీంచి దిగింది. నన్ను పిన్నీ అని పిలుస్తుంది గానీ నా ఉద్యోగం మీద దానికి ఏమాత్రం నమ్మకం లేదు.

"ఏటి పిన్నీ, ఏటైనా గుర్తొచ్చిందేటి?"

"ఏమీ రాలేదు."

"రాదులే. ఇది లెక్కల పని."

వెటకారం కాదు, అలసిపోయి అంది. అయినా నాకు కారం రాసినట్టయింది.

నాటిన 91వ రోజు

పొర అంచుల్లో చీలికలు కనబడ్డాయి. వేలెడంత ఒకటి, గోరంత మూడు. అతుకులు వేశారు. త్రివేణి పొరను పట్టుకున్న తాళ్ళు ఇంకా బిగించింది. దానితో పాట పైస్థాయికి పోయి పక్క చట్రాలు కూడా అందుకున్నాయి. మళ్ళీ సడలించింది.

చివరికి మేష్టారిని అడిగారు. మేష్టారంటే మనిషి కాదు. ఎర్రమెట్ట మొత్తానికి సమాధానాలు చెప్పే యంత్రం. ప్రపంచంలో తెలిసినదంతా దానికి తెలుసు. అడిగిన దానికి జవాబు చెప్తుంది, అడగనిది చెప్పదు. తొలి రోజుల్లో అడగని సలహాలు చెప్పి చెప్పి జనాన్ని విసిగిస్తే మొదటి సభ వాళ్ళు దానికి ఆ కట్టడి పెట్టారు.

త్రివేణి అడిగింది: ఈ వేగంలో పొర ఎన్నాళ్ళు ఆగుతుంది? పది రోజులని మేష్టారి జవాబు. వేగం ఎంత తగ్గిస్తే ఆగుతుంది? సగానికి. సగానికి తగ్గిస్తే పంట? మూడు వంతులు తాలు.

101వ రోజున వేగం తగ్గించాలని సభ తీర్మానించింది. విత్తనాలకైనా మిగిలితే చాలునట. వంట సావిడి అప్పలకొండ కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది. మొదటి అన్నం వార్చేది తనేనని అది ఏడాదిగా అందరికీ చెప్పుకుంది.

నేను మాత్రం సంతోషించాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా నిజం నిజమే. గదిని నిలబెట్టుకునే అవకాశం ఇదే అనుకున్నాను.

నాటిన 93వ రోజు

రెండు రోజులు మంచం దిగకుండా ఆలోచించాను. శబ్దం. శబ్దాన్ని మింగేది బట్ట. ఖాళీ ఇంట్లో మాట మోగుతుంది, పరుపులూ దుప్పట్లూ చేరాక మోగదు. వరి సావిడి నిండా దుప్పట్లు వేలాడదీస్తే పాట ఆగుతుంది. సభకు వెళ్ళి చెప్పాను. నా అంతట నేనే తల ఎగరేసుకుంటూ వెళ్ళాను.

"మేష్టారిని అడిగేరా?" అంది త్రివేణి.

"పోలికల గది మేష్టారిని అడిగి పనిచేయదు" అన్నాను.

నరసింగరావు బావు నా వైపు అదోలా చూశాడు.

నాటిన 96వ రోజు

మూడు వందల దుప్పట్లు సేకరించారు. మూడు రోజులు జనం చలికి ముడుచుకుని పడుకున్నారు. పిల్లలకి జలుబులు. పాట ఇసుమంతైనా తగ్గలేదు, ఎందుకంటే మోగుతున్నది గాలి కాదు, పొర. పైగా దుప్పట్ల నీడకు వరి ఆకులు పాలిపోయాయి. ఇవాళ పొద్దున దుప్పట్లన్నీ దించి ఎవరివి వాళ్ళకు పంచుతుంటే నేనూ నిలబడి మడతలు పెట్టాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గదికి వచ్చాక బావు అన్నాడు:

"నీకది తోచలేదమ్మా. నువ్వు తెచ్చిపెట్టుకున్నావు. తోచిందానికీ, తెచ్చుకున్నదానికీ తేడా నీకే తెలియాల గదా."

"ముందే చెప్పొచ్చు కదా బావూ."

"ఆ రోజుకి అడక్కూడదు గదా. పద్ధతి నువ్వు రాసిందే."

నా ఎదుట అలా మాట్లాడే హక్కు ఈ గ్రహం మీద ఆయనొక్కడికే ఉంది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆయన ఈ పుస్తకం తీసుకుని ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు.

నాటిన 99వ రోజు

శనివారం భజన. దుప్పట్ల తర్వాత జనంలోకి వెళ్ళడం ఇదే మొదలు. బావు మృదంగం వాయిస్తాడు. భూమి నుంచి వచ్చేటప్పుడు మనిషికి ఎనిమిది కిలోల సొంత సామాను తెచ్చుకోనిచ్చారు. ఆయన తెచ్చుకున్నది ఆ మృదంగం, రెండు పంచెలు.

వాయించే ముందు మృదంగం ఎడమ మొహానికి మధ్యలో రవ్వముద్ద అంటిస్తారు. ఇక్కడ రవ్వ ఎక్కడిది? దుంపపిండి తడిపి అంటిస్తున్నాడు. ముద్ద లేనప్పుడు డొక్కు గిన్నెలా మోగినది, అంటించాక గంభీరంగా దిగింది. భజన అయ్యాక ఆ ముద్దను గీకేసి మొహం తుడిచి గలేబు తొడిగాడు.

ఇవాళ నేను రాసుకున్నది: దుంపపిండి ముద్దకు, మా చిన్నాన్న పొట్ట మీద ఆవపట్టు. అంతకు మించి ఏమీ తోచలేదు. పొర సంగతి మనసులోనే లేదు. ఎల్లుండి వేగం తగ్గిస్తారు.

నాటిన 100వ రోజు

వరసగా రాస్తాను.

పొద్దున వంట సావిట్లో నా వంతు. ఇది అందరికీ నెలకోసారి వస్తుంది. నాచుపిండి కలుపుతున్నాను. పక్కన రుబ్బే యంత్రం తిరుగుతోంది. దాని మీద స్టీలు మూత గిర్రున వణుకుతూ తలలో మేకు కొట్టినట్టు మోత. చెయ్యి ఖాళీ లేదు. చిరాకేసి పిండి చెయ్యితోనే మూత మీద ఒక చరుపు చరిచాను.

చెయ్యి తీశాను. ముద్ద మూతకే అంటుకుని ఉంది. యంత్రం తిరుగుతూనే ఉంది. మోత లేదు.

"ఎక్కడ పడితే అక్కడ ఏసేస్తావేటప్పా పిండి? తియ్యి" అంది అప్పలకొండ.

తియ్యబోయాను. ముద్దలో వేలు దిగగానే బావు వేలు గుర్తొచ్చింది, మృదంగం మీది ముద్దను గీకుతున్న వేలు. ఆ వెంటనే పొర. మూత, మృదంగం, పొర, మూడూ ఒకదాని వెనక ఒకటి రాలేదు, ఒక్కసారే వచ్చాయి. బిగించిన తోలు మధ్యలో బరువు పెడితే దాని పాట దిగిపోతుంది. దిగితే గాలిమరతో శ్రుతి తప్పుతుంది. శ్రుతి తప్పితే పొర వణకదు.

చేతులు కడుక్కోకుండానే మేష్టారి గదికి పరుగెత్తాను. యాభై నాలుగేళ్ళదాన్ని. దారిలో త్రివేణి ఎదురైతే దాని చొక్కా పట్టుకుని లాక్కుపోయాను. ఈసారి అడగడానికి నామోషీ పడలేదు.

"వరి సావిడి పొర మధ్యలో, మృదంగానికి పెట్టినట్టు పిండిముద్ద పెడితే పాట ఆగుతుందా?"

మేష్టారు ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆగలేదు.

"ఆగుతుంది. మూడు చట్రాలకూ మధ్యలో సుమారు ఏడు వందల గ్రాముల చొప్పున. ఇక్కడ బరువు భూమి మీద కంటే తక్కువ కాబట్టి ముద్ద తొందరగా జారిపడదు. రెండు రోజులకోసారి మార్చాలి."

త్రివేణి మొహం ఎర్రబడింది. "మరి నానడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"మీరు పొర ఎన్నాళ్ళు ఆగుతుందని అడిగారు. మృదంగం గురించి నరసింగరావు గారు వేరే రోజుల్లో చాలాసార్లు అడిగారు. రెండూ ఒకే ప్రశ్నలో ఎవరూ అడగలేదు."

నేను ఆ యంత్రాన్ని తప్పుపట్టను. దానికి మృదంగమూ తెలుసు, పొరా తెలుసు. రెండింటినీ ఒక్క నోట అడగడానికి మాత్రం, పిండి అంటిన చెయ్యి ఒకటి కావలసి వచ్చింది. ఆ చెయ్యి నాది.

నాటిన 101వ రోజు

వేగం తగ్గించాల్సిన రోజు. సగం ఎర్రమెట్ట వరి సావిడి చుట్టూ గట్ల మీద నిలబడింది. అప్పలకొండ పిండి తెచ్చింది. తాళ్ళ ఉయ్యాలలో త్రివేణి పైకి వెళ్ళింది. కింద బావు కళ్ళు మూసుకుని తల ఒక పక్కకి వంచి నిలబడ్డాడు. లెక్క మేష్టారు చెప్పినదే గానీ పిండి తడి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. చివరి చిటికెడు చెవితోనే తేల్చాలి.

"ఇంకొంచెం పెట్టమ్మా."

"ఇంతేనా బావూ?"

"ఇంకొంచెం. ఆఁ, ఎక్కువైంది. గోరంత తియ్యి."

మొదటి చట్రం ఆగింది. రెండోది ఆగింది. మూడో దానికి పిండి రెండుసార్లు ఊడి బావు భుజం మీద పడింది. ఆయన కళ్ళు తెరవలేదు. మూడోసారి నిలిచింది.

గాలిమర పూర్తి వేగంతో తిరుగుతోంది. కప్పు మాట్లాడలేదు. పదిహేడు రోజుల తర్వాత ఆకుల గలగల వినబడింది. నేను అక్కడే గట్టు మీద చతికిలబడ్డాను. అందరూ నా వైపు చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకున్నాను. ఇంత గర్వం నాకు పెళ్ళినాడు లేదు, ఈ గ్రహం మీద కాలు పెట్టినరోజూ లేదు.

తవిటినాయుడు గారు వచ్చి చేతులు జోడించారు.

"గది మీదేనండి. ఇంక దాని ఊసెత్తను."

నాటిన 113వ రోజు

చెప్తే నమ్మరు. దుంపల సావిట్లో నీళ్ళ గొట్టం ఎక్కడో కారుతోంది, ఎక్కడో తెలియడం లేదు. సభ ఏం చేసిందంటే, ఆరుగుర్ని వంట సావిట్లో కూర్చోబెట్టి ఆలోచన వచ్చేదాకా పిండి కలపమంది. లిఖితపూర్వక ఉత్తర్వు. పొద్దున నుంచి కలుపుతున్నారు. నలభై కిలోల పిండి కలిసింది, ఆలోచన ఒక్కటీ రాలేదు. పక్కన స్టీలు మూత కూడా పెట్టారు.

అప్పలకొండ గరిటె పట్టుకుని నా గదికొచ్చింది.

"నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా? ఆ పిండంతా రొట్టెలు సేత్తే నాల్రోజులు అదే తినాల జనం."

తవిటినాయుడు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నిజంగానే అయోమయంగా చూశారు.

"పిండి కలిపితేనే కదండీ వచ్చింది?"

"పిండి కాదు నాయుడు గారూ. బావు మృదంగం నేను పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను. ఆ సావిట్లో నిలబడి నా చిగుళ్ళు వణికాయి. ఒంటె కన్ను, నాయనమ్మ కనుబొమలు, చిన్నాన్న పొట్ట, ఇవన్నీ రోజూ రాసీ రాసీ, దూరపు వస్తువు పక్కకొస్తే తరిమేయకుండా ఉండడం అలవాటైంది. పనికిరానివి వేలకు వేలు ఉంటేనే ఒకటి అందులోంచి లేస్తుంది. ఏది లేస్తుందో ముందే తెలిస్తే దాన్నే రాసేదాన్ని కదా."

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత అడిగారు, ఏ కపటమూ లేకుండా:

"అలగైతే ఇద్దరే ఎందుకండి రాయడం? మీకు మృదంగం తెలిసింది గనక అది దొరికింది. గొట్టం కారేదానికి మీకు తెలీనిదేదో కావాలేమో. ఎంతమంది రాస్తే బాగుంటాది?"

ఆలోచించి ఉంటే వేరేలా చెప్పేదాన్నేమో. తోచింది చెప్పేశాను.

"అందరూ."

నాటిన 119వ రోజు

కోత. తాలు ఉంది గానీ తక్కువ. గింజ నిండుగా ఉంది. అప్పలకొండ మొదటి అన్నం వార్చింది, మనిషికి మూడు ముద్దలు వచ్చాయి. నాకు నాలుగు పెట్టబోయింది. అందరితో పాటే అన్నాను. నోట్లో పెట్టుకున్నాక నాలుగోది తీసుకోవాల్సిందనిపించింది.

సాయంత్రం సభ. పోలికల గది ఉత్తర్వు చదివారు. రేపటి నుంచి ప్రతి మనిషికీ పనిలో గంటసేపు రాసుకునే హక్కు. పుస్తకం వంట సావిడి ద్వారం దగ్గర అందరికీ అందేలా ఉంటుంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరూ ఎందుకని అడక్కూడదు. ఇంక ఆ పనికి విడిగా ఉద్యోగులు అక్కర్లేదు కాబట్టి గదిని వడ్లు దాచడానికి ఇస్తారు. హైమావతి, నరసింగరావు దుంపల సావిట్లో చేరాలి.

గది నాదేనన్న మనిషే ఇది చదివారు. చదువుతున్నంతసేపూ నా కళ్ళలోకి చూడలేదు. కోపం వచ్చింది. కాని కోపం ఎవరి మీద? "అందరూ" అన్నది నేనే.

బావు నా చెయ్యి తట్టి, "పద, సామాను సర్దుదాం" అన్నాడు. సర్దడానికి రెండు కుర్చీలు, పద్దెనిమిదేళ్ళ పుస్తకాలు. ఆ పుస్తకాలను మోసుకెళ్ళి వంట సావిట్లో బల్ల మీద పెట్టేటప్పటికి నడుము పట్టేసింది. ఖాళీ గదిని చూస్తే ఏం గుర్తొచ్చిందో రాయాలనుకున్నాను. ఏమీ గుర్తు రాలేదు. ఖాళీగానే ఉంది.

నాటిన 122వ రోజు

దుంపల సావిట్లో మూడో రోజు. గోళ్ళలో మట్టి. దుంపలు తవ్వడం ఎవరికైనా వస్తుందని ఎవరన్నారో గానీ నాకు మాత్రం రావడం లేదు. నేను తవ్వినవాటిలో సగం గునపం దెబ్బ తిన్నవే.

మధ్యాహ్నం రాసుకునే గంట. వంట సావిడికి వెళ్ళాను. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. నా చేతిరాతా, బావు చేతిరాతా తప్ప ఇంకోటి ఎరగని పుస్తకం. ఇవాళ అందులో ఏడెనిమిది రకాల రాతలు. గొట్టాలు చూసే అతను రాశాడు: "నీళ్ళు కారే చప్పుడుకి మా చెల్లెలు అబద్ధం చెప్పేటప్పటి గొంతు." చిన్నపిల్లల బడి ఆమె రాసింది: "కోసిన వరి మొదళ్ళకి గడ్డం గీసుకున్న మర్నాడు మా ఆయన." కింద ఎవరో నవ్వుతున్న బొమ్మ గీసి కొట్టేశారు.

బల్ల ముందు త్రివేణి రాస్తోంది. ఇది లెక్కల పని అన్న త్రివేణి. కలం కొరుక్కుంటోంది, రాస్తోంది, చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. ఏం రాసిందో తొంగి చూడాలని ప్రాణం లాగింది. వెనక నిలబడ్డవాళ్ళు గొణుగుతున్నారు.

"తొందరగా కానీమ్మా. గంట అయిపోతన్నాది. నాను రాయాల, మరిచిపోతాను."

ఒకప్పుడు ఈ పుస్తకం దగ్గరకు రమ్మని బతిమాలినా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను మనసులో నలుగురిని లెక్కపెట్టుకుని, కొంగుకు చేతులు తుడుచుకుని, వరసలో ఐదోదాన్నిగా నిలబడ్డాను.